లఫ్జుల్లేని ధున్‌కు పేరెందుకు?



మా చెల్లెలి బిడ్డ షాదీ కుదిరింది. సంబంధం ధర్మవరం వాళ్ళది, పట్టుచీరల వ్యాపారం. కార్డు రాయడానికి ఒక ఆదివారం హిందూపురంలో మా ఇంట్లో పెద్దలందరూ కూర్చున్నారు. దుల్హన్ పేరు, అమ్మా నాన్న పేర్లు, దాదా పేరు అన్నీ అయిపోయాయి. నానా పేరు దగ్గర మాత్రం పెన్ను ఆగింది. నానా అంటే మా అబ్బా. అల్లా ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

మా అబ్బాను ఊళ్ళో ఎవరూ అసలు పేరుతో పిలిచేవాళ్ళు కాదు. "క్లారినెట్ సాబ్" అంటేనే తెలిసేది. "మరహూమ్ క్లారినెట్ సాబ్ మనవరాలు అని రాస్తే అందరికీ అర్థమవుతుంది కదా" అన్నది మా చెల్లి. మా చిచ్చా వెంటనే, "నక్కో అమ్మా, నక్కో. పేరు చాలు. బాజా సంగతి కార్డులో ఎందుకు? వాళ్ళు పెద్ద ఖాందాన్" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేనేమీ అనలేదు. ఎందుకు అనలేదో చివర్లో చెప్తాను.

ఆ రాత్రి మా మేనల్లుడు, అంటే దుల్హన్ తమ్ముడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపుతూ మిద్దె మీద కూర్చున్నాడు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, గిటార్ నేర్చుకుంటున్నాడు. ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టాడు. ఒకటే తీగ మీద ఎవరో పిచ్చెక్కినట్టు వాయిస్తున్నారు. ఎంతసేపు విన్నా గొంతు రాదు.

"ఇందులో పాట ఏదిరా?"

"పాట ఉండదు మామూ. ఇది ఇన్‌స్ట్రుమెంటల్ రాక్. ఒట్టి సాజ్ మాత్రమే."

"పేరేంటి మరి?"

"మిసిర్లూ."

ఆ పేరు వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. లఫ్జుల్లేని ధున్‌కు పేరు మాత్రం మన లఫ్జే! అక్కడ మొదలైన తలాష్ నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ వారం నాకు తెలిసినవి మీతో పంచుకుంటాను.

మిస్ర్ పిల్ల

మిస్ర్ అంటే ఈజిప్టు అని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. యూసుఫ్ అలైహిస్సలామ్‌ను అన్నలు బావిలో పడేస్తే, బాటసారులు తీసుకెళ్ళి అమ్మింది మిస్ర్‌లోనే. నిఖాలో ఖర్జూరాలతో పాటు పంచే మిస్రీ, తెలుగులో పటికబెల్లం, కలకండ అంటాం చూడండి, దాని పేరు కూడా ఆ దేశం నుంచి వచ్చిందే. తుర్కీలో 'మిసర్లీ' అంటే మిస్ర్‌కు చెందిన మనిషి. దాన్నే గ్రీకు వాళ్ళు ఆడమనిషికి వాడితే 'మిసిర్లూ' అయింది. అంటే మిస్ర్ పిల్ల.

మొదట్లో అది మాటలున్న పాటే. ఉస్మానీ సల్తనత్ నీడలో గ్రీకులు, తుర్కులు, అరబ్బులు, యూదులు పక్కపక్కనే బతికిన ఊళ్ళ పాట. 1920లలోనే గ్రామఫోన్ రికార్డులకెక్కింది. అది ఫలానా వాళ్ళదే అని గట్టిగా చెప్పడం కష్టం, అందరి నోళ్ళలోనూ నలిగింది. ఆ తర్వాత 1962లో అమెరికాలో డిక్ డేల్ అనే గిటార్ వాద్యకారుడు మాటలన్నీ తీసేసి, దాన్ని మెరుపు వేగంతో వాయించి రికార్డు చేశాడు. డిక్ డేల్ అసలు పేరు రిచర్డ్ మన్సూర్. తండ్రి వైపు వాళ్ళు లెబనాన్ వాళ్ళు. చిన్నప్పుడు బాబాయి దగ్గర ఊద్ అనే అరబ్బీ సాజ్, తర్‌బకీ అనే డోలు విన్నాడు, నేర్చాడు. ఒకరోజు ఓ కుర్రాడు వచ్చి "ఒక్క తీగ మీద మొత్తం పాట వాయించగలవా?" అని అడిగాడట. ఇంట్లో పెద్దలు ఊద్ మీద వాయించిన ఈ ధున్ ఆయనకు గుర్తొచ్చింది. 1994లో 'పల్ప్ ఫిక్షన్' సినిమా మొదట్లో అదే మోగింది. ఆ తర్వాత ప్రపంచమంతా తెలిసిపోయింది.

మన్సూర్ పేరు డేల్ అయింది. ఊద్ గిటార్ అయింది. పాటలోని మాటలన్నీ రాలిపోయాయి. ధున్ మీద పేరు మాత్రం రాలలేదు. ఆ ఒక్క లఫ్జ్ పట్టుకుని హిందూపురంలో మిద్దె మీద కూర్చున్న నాలాంటి వాడు కూడా "ఇది ఎక్కడిదో నాకు తెలుసు" అనగలిగాడు.

పేరు చేసిన నేరం

ఆ పిల్లాడు ఇంకొకటి వినిపించాడు. పేరు 'రంబుల్'. 1958లో లింక్ రే అనే ఆయన వాయించింది. అమెరికా కుర్రాళ్ళ వాడుకలో ఆ మాటకు వీధి ముఠాల కొట్లాట అని అర్థం. వర్జీనియాలో ఒక డాన్సు కార్యక్రమంలో జనం అడిగితే అప్పటికప్పుడు పుట్టిన ధున్ అది. రికార్డింగ్‌లో కూడా ఆ గరగరమనే ఆవాజ్ రావాలని లింక్ రే తన స్పీకర్‌కు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. పేరు ఆయన పెట్టింది కాదు, రికార్డు కంపెనీ వైపు నుంచి వచ్చింది.

తమాషా చూడండి. అందులో ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు లేదు. అయినా అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయడానికి ఒప్పుకోలేదు. కుర్రాళ్ళు రెచ్చిపోయి కొట్టుకుంటారని భయం. అదే ధున్‌కు 'సాయంత్రపు గాలి' అని పేరు పెట్టి ఉంటే ఎవరైనా ఆపేవాళ్ళా? పేరులో అంత ఉంది!

1960లో ఇంగ్లాండులో 'షాడోస్' అనే బ్యాండు 'అపాచీ' అనే ధున్ వాయించి ఐదు వారాలు మొదటి స్థానంలో నిలబడింది. జెర్రీ లార్డన్ అనే ఇంగ్లీషాయన 1954లో వచ్చిన 'అపాచీ' అనే అమెరికా సినిమా చూసి ఆ ధున్ కట్టాడు. షాడోస్ వాళ్ళకు మొదట ఉకులేలే అనే చిన్న వాయిద్యం మీద వినిపించాడు. ఆ బ్యాండు మామూలుగా క్లిఫ్ రిచర్డ్ అనే గాయకుడి వెనక వాయించేది. క్లిఫ్ రిచర్డ్ పుట్టింది మన లక్నోలో, 1940లో. 'అపాచీ' రికార్డింగ్‌లో ఆయన పాట పాడలేదు, ఒక చైనా డోలు మాత్రం కొట్టాడు. లక్నో కుర్రాడి డోలు, ఇంగ్లీషాయన ధున్, పేరేమో అమెరికా ఆదివాసీ తెగది! వాళ్ళెవరూ అపాచీలు కాదు. అదే లింక్ రే మాత్రం తన తల్లి వైపు షానీ అనే ఆదివాసీ తెగ అని చెప్పుకునేవాడు. ఆయన ధున్‌కు కొట్లాట పేరొచ్చింది. ఆదివాసీ పేరు మాత్రం సినిమా చూసిన వాళ్ళ ధున్‌కు వెళ్ళింది. పేర్లు ఎప్పుడూ హక్కుదారుల దగ్గరికే పోవని అప్పుడు అనిపించింది.

చుక్కల్లోంచి పాము బూర

ఇక నన్ను నిజంగా ఉలిక్కిపడేలా చేసింది నాలుగో ధున్. పేరు 'టెల్‌స్టార్'. 1962 జూలై 10న అమెరికా టెల్‌స్టార్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపింది. అట్లాంటిక్ సముద్రం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు టీవీ బొమ్మలు దాటించిన ఉపగ్రహం అది. లండన్‌లో ఒక షాపు మీది ఇంట్లో స్టూడియో పెట్టుకున్న జో మీక్ అనే ఆయన ఆ వార్తలకు ముగ్ధుడై ఒక ధున్ కట్టి, టోర్నడోస్ అనే బ్యాండుతో వాయింపించాడు. ఆగస్టులో రికార్డు వచ్చింది, డిసెంబరుకు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అక్కడ ఆ స్థానం అందుకున్న మొదటి బ్రిటిష్ బ్యాండు బీటిల్స్ కాదు, వీళ్ళు.

ఆ ధున్ వినగానే నాకు చుక్కలు, ఉపగ్రహం ఏమీ గుర్తుకు రాలేదు. మా అబ్బా గుర్తొచ్చాడు. బారాత్ గుర్తొచ్చింది. ఆ ఆవాజ్ నేను ముందే విన్నాను! ఎక్కడ?

వెతికితే సంగతి తెలిసింది. 'టెల్‌స్టార్'లో ధున్ వాయించిన సాజ్ పేరు క్లావియొలిన్. 1947లో ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఆయన తయారుచేసిన కరెంటు వాయిద్యం. చిన్న హార్మోనియంలా మెట్లుంటాయి. సరిగ్గా అదే సాజ్ 1954లో మన దగ్గర 'నాగిన్' సినిమాలో మోగింది. వైజయంతిమాల ఆడిన పాములవాడి బూర ధున్ గుర్తుందా? సంగీతం హేమంత్ కుమార్‌ది. ఆ బూర అసలు పాములవాడి బూర కాదు. ఆయన దగ్గర పనిచేస్తున్న కల్యాణ్‌జీ క్లావియొలిన్ మీద వాయించింది. తర్వాత కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ అని పేరు తెచ్చుకున్న ఆ కల్యాణ్‌జీయే.

అంటే ఇంగ్లాండు వాళ్ళకు చుక్కల్లో తిరిగే ఉపగ్రహంలా వినిపించిన ఆవాజ్, దానికి ఎనిమిదేళ్ళ ముందే మనకు పుట్టలోంచి పామును లేపే ఆవాజ్‌గా వినిపించింది. సాజ్ ఒకటే. పేరు మారితే ఒకరు ఆకాశం చూశారు, ఒకరు పుట్ట చూశారు.

జో మీక్ కథ చివర మాత్రం చాలా దర్ద్‌నాక్. ఒక ఫ్రెంచి సంగీతకారుడు "ఇది నా సినిమా ధున్‌కు నకలు" అని కేసు వేశాడు. కేసు నడిచినంత కాలం జో మీక్‌కు ఆ పాట మీద రావలసిన డబ్బు ఆగిపోయింది. అప్పులు, మానసిక జబ్బు కమ్ముకున్నాయి. 1967 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. అది జరిగిన కొద్ది వారాలకు ఫైసలా ఆయన పక్షానే వచ్చింది. ధున్ ఆయనదేనని కోర్టు చెప్పేసరికి వినడానికి ఆయన లేడు.

అబ్బా నోటుబుక్కు

మా అబ్బా బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు అంచు, తలకు టోపీ. హిందూపురం చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపు అంటే ఆ రోజుల్లో ముందు ఆడవాళ్ళ తలల మీద పెట్రోమాక్స్ లైట్లు, వాటి మధ్య బ్యాండు మేళం, వెనక జీపులో పెళ్ళికొడుకు. క్లారినెట్ ముందు, దాని వెనక ట్రంపెట్లు, సైడ్ డ్రమ్ములు, అన్నిటికన్నా వెనక కడుపు మీద మోసే పెద్ద డ్రమ్ము. పాడేవాళ్ళు ఉండరు. మేనల్లుడి మాటల్లో చెప్పాలంటే అది మన ఇన్‌స్ట్రుమెంటల్ రాక్!

అబ్బా పోయాక ట్రంకు పెట్టెలో ఒక లెక్కల నోటుబుక్కు దొరికింది. ఆయన ఐదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాడు. అందుకే తెలుగు అక్షరాల్లో ఉర్దూ, తెలుగు కలిపి రాసుకున్నాడు. అవి ఆయన వాయించే ధున్‌ల పేర్లు. సినిమా పేరు, పాట పేరు ఒక్కటీ లేదు. అన్నీ తను పెట్టుకున్న పేర్లే.

'పాము' అంటే నాగిన్ అని తెలుస్తూనే ఉంది. ఫ్రెంచి యంత్రం పాములవాడి బూరను నకలు చేస్తే, ఆ నకలును మా అబ్బా క్లారినెట్ మీద నకలు చేశాడు. అయినా పెళ్ళికొడుకు దోస్తులు నోట్లో రుమాలు పెట్టుకుని నేల మీద పడి ఆడేది ఆ నకలుకే. 'గేటు' అంటే రైలు గేటు పడినప్పుడు బారాత్ ఆగిపోతే, జనం విసుక్కోకుండా వాయించేది. 'అత్తగారు' అంటే ఆడపెళ్ళివారి ఇంటి ముందు వియ్యపురాళ్ళు ఎదురుపడినప్పటిది. 'ఏడుపు' అంటే రుఖ్సతీ, అప్పగింతలప్పుడు. ఒక పేజీలో 'ఖామోష్' అని రాసుంది. దాని కింద ఏ ధున్ గుర్తులూ లేవు. మసీదు, ఆసుపత్రి, చావు జరిగిన ఇల్లు అని మాత్రం ఉంది. ఎక్కడ వాయించకూడదో, ఆ మౌనానికి కూడా ఆయన ఒక పేరు పెట్టుకున్నాడు.

చివరి పేజీలో ఒకే ఒక పేరు ఉంది: 'ఇంటికి'. దాని చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంది. అది ఏ ధున్నో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

దేవుడు బయల్దేరే ధున్

పాటను పని పేరుతో పిలవడం మా అబ్బా ఒక్కడి అలవాటు కాదని తర్వాత తెలిసింది. నాదస్వరంలో 'మల్లారి' అని ఒకటుంది. దానికి సాహిత్యం ఉండదు. ఎక్కువగా గంభీరనాట రాగంలో, గుడిలోంచి ఉత్సవ విగ్రహం ఊరేగింపుకు బయల్దేరేటప్పుడు వాయిస్తారు. అందులో రకాలున్నాయి. తీర్థం తెచ్చేటప్పుడు తీర్థ మల్లారి, నైవేద్యం తెచ్చేటప్పుడు తళిగ మల్లారి, రథం కదిలేటప్పుడు తేరు మల్లారి. కళ్ళు మూసుకున్న భక్తుడికి కూడా గుడిలో ఇప్పుడేం జరుగుతోందో ధున్ చెప్తుంది. పని ఏదో, పేరు అదే.

ఆ మల్లారిని గొప్పగా వాయించిన ఉస్తాదుల్లో మన తెలుగు ముసల్మాన్ ఒకాయన ఉన్నాడు. షేక్ చిన మౌలానా సాబ్. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ఖాందాన్. చిలకలూరిపేటలో షేక్ ఆదం సాబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ మీద ప్రేమతో తమిళనాడు వెళ్ళి, నాచ్చియార్ కోవిల్ ఉస్తాదుల దగ్గర మళ్ళీ షాగిర్ద్ అయ్యారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. 1999లో వఫాత్ అయ్యారు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మియా, బీవీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయిస్తారు. గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాబ్‌కు 2022లో, ఆయన పోయాక, పద్మశ్రీ ప్రకటించారు.

వీళ్ళు త్యాగరాజ కృతులు వాయిస్తారు. నాదస్వరంలో మాటలు వినిపించవు కదా. కానీ ఎదుట కూర్చున్న వాళ్ళ మనసులో మాట నడుస్తూనే ఉంటుంది. మాట శ్రోతది, ఊపిరి ఉస్తాద్‌ది. బనారస్‌లో బిస్మిల్లా ఖాన్ సాబ్ ముహర్రంలో నడుస్తూ షెహనాయి మీద నౌహా వాయించేవారు. అందులో కూడా లఫ్జ్ లేదు. వినేవాళ్ళ కళ్ళు మాత్రం తడిసేవి, ఎందుకంటే కర్బలా కథ వాళ్ళకు తెలుసు. అన్నట్టు, మన తెలుగు 'సన్నాయి', ఉర్దూ 'షెహనాయి' ఒకే కుటుంబం లఫ్జులు. పెళ్ళిలో సన్నాయి మోగాలనే వాళ్ళు, షెహనాయి మోగాలనే వాళ్ళు ఒకే మాట అంటున్నారు.

సంగీతం జాయెజా, కాదా అనే ఇఖ్తిలాఫ్ మనలో ఎప్పటినుంచో ఉంది. దాని మీద చెప్పేంత ఇల్మ్ నాకు లేదు, అది ఉలమాల పని. నేను అడిగేది ఇంకో ప్రశ్న. ఈ ఊపిరితో పిల్లల కడుపు నింపిన మనుషుల పేరు చెప్పుకోవడానికి మనం ఎందుకు సిగ్గుపడతాం?

పెనుకొండలో ఆగిన రైలు

'ఇంటికి' ఏమిటో తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే, అబ్బాతో సైడ్ డ్రమ్ము కొట్టిన పెద్దాయన ధర్మవరంలో కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసింది. మేనల్లుడిని తీసుకుని రైలెక్కాను. దారిలో పెనుకొండ వచ్చింది. కిటికీలోంచి కొండ కనిపించగానే చెయ్యి దానంతట అదే గుండె మీదికి వెళ్ళింది. బాబా ఫక్రుద్దీన్ రహ్మతుల్లా అలైహ్ ఆరాంగా ఉన్న చోటు. మన వాళ్ళే కాదు, చుట్టుపక్కల రైతులు, నేతవాళ్ళు అందరూ బాబయ్య అనే పిలుస్తారు.

"మామూ, బాబయ్య పీర్ ఎవరు?" అని అడిగాడు వాడు.

చెప్పబోయి నేనే ఆగిపోయాను. ఇన్నాళ్ళూ చెప్తున్న కథే, కానీ ఆ రోజు వేరుగా వినిపించింది. బాబయ్య ముర్షిద్ తిరుచిరాపల్లి నత్తర్ వలీ. ఆయన లఖబ్ 'తబ్ల్-ఎ-ఆలం'. తబ్ల్ అంటే నగారా, డోలు. ఆలం అంటే ప్రపంచం. ప్రపంచపు నగారా! ముర్షిద్ ఒక మిస్వాక్ పుల్ల ఇచ్చి "ఇది ఎక్కడ నాటితే చిగురిస్తుందో అక్కడే నీ నివాసం" అంటే, అది పెనుకొండలో చిగురించిందని రివాయత్. మన బాబయ్యను ఇక్కడికి పంపిన వలీని ముస్లిం జనం ఏ పేరుతో పిలుచుకున్నారు? ఒక సాజ్ పేరుతో. ఆ డోలుకు లఫ్జులు లేవు, కానీ ఎంత దూరం వినిపించాలో అంత దూరం వినిపించింది. ఆ తిరుచిరాపల్లి పక్కనే, కావేరి నడుమ, శ్రీరంగం ఉంది. కరవది నుంచి వెళ్ళిన చిన మౌలానా సాబ్ నాదస్వరం చివరిదాకా మోగింది అక్కడే.

వలీకి డోలు పేరు లఖబ్ అయితే ఇజ్జత్. మా అబ్బాకు క్లారినెట్ పేరు లఖబ్ అయితే బేఇజ్జతా?

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. బయట ఊళ్ళల్లో కొందరు నన్ను "సాయిబువు, హిందూపురం వాడివా!" అని నవ్వుతారు. మరాఠా సర్దార్ మురారి రావు తన తండ్రి బిరుదు హిందూరావు మీద ఆ పేరు పెట్టాడంటారు. మజహబ్ మీద పెట్టిన పేరు కాదు, ఒక కొడుకు తండ్రి బిరుదును మరవకుండా ఊరికి పెట్టుకున్న పేరు. ఆ ఊళ్ళో పుట్టి నేను మా తండ్రి బిరుదును ఒక షాదీ కార్డులో దాస్తున్నాను.

'ఇంటికి'

ధర్మవరంలో ఆ సందు నిండా మగ్గాల చప్పుడు. పెద్దాయనకు చూపు తగ్గింది. "క్లారినెట్ సాబ్ కొడుకునా? రా బేటా, కూచో" అన్నాడు. నోటుబుక్కు చివరి పేజీ చదివి వినిపించాను.

చాలాసేపు నవ్వాడు. "అది జనానికి కాదు బేటా. బారాత్ అయిపోయి, పెళ్ళివాళ్ళు లోపలికి పోయినాక, లైట్లు ఆర్పేసినాక, మేము బస్టాండుకు నడిచేటప్పుడు మీ అబ్బా మెల్లగా వాయిస్తుండె. పిల్లకాయలు నిద్రపోకుండా నడవాలని. ఎవరూ డబ్బులియ్యని ధున్ అదొక్కటే."

"ఎలా ఉంటుంది చాచా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ముందున్న చిన్న బల్ల మీద రెండు చేతుల వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. నిదానమైన నడక దరువు, నాలుగు అడుగులకు ఒకసారి చిన్న తడబాటు. ఎంతో సేపు కొట్టాడు. తర్వాత ఆపి తల అడ్డంగా ఊపాడు. "నా చేతికి నాది యాదుంది. మీ అబ్బాది యాద్ లేదు."

ధున్ పోయింది. దాని దరువు ఒక ముసలాయన వేళ్ళల్లో ఉంది, దాని పేరు ఒక లెక్కల నోటుబుక్కులో ఉంది. మేనల్లుడు ఆ దరువును ఫోనులో రికార్డు చేసుకున్నాడు. తిరిగి వస్తుంటే రైల్లో, "దీని మీద నేను గిటార్ కడతా మామూ" అన్నాడు. నానా వాయించింది అది కాదు కదరా అన్నాను. "కాదు. కానీ పేరు అదే పెడతా" అన్నాడు.

కార్డు

ఆ రోజు ఇంట్లో నేనెందుకు మాట్లాడలేదో చెప్తానన్నాను. నా నిఖా కుదిరేటప్పుడు అమ్మాయి తరఫు వాళ్ళు "మీ వాలిద్ ఏం చేస్తారు?" అని అడిగారు. అబ్బా పెళ్ళిళ్ళ సీజను లేనప్పుడు సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు. నేను "సైకిల్ షాప్" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. విన్నాడు. ఏమీ అనలేదు. నా బారాత్‌లో ఆయన కోటు వేసుకోలేదు, క్లారినెట్ పట్టలేదు. వేరే ఊరి బ్యాండు వచ్చింది. ఆయన పక్కన నిలబడి, వాళ్ళ క్లారినెట్ అపశ్రుతి పలికినప్పుడల్లా తల కొద్దిగా దించుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. ఆ తర్వాత ఆ మాట ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

జో మీక్ పేరు మీద ఫైసలా ఆయన పోయాక వచ్చింది. షేక్ హసన్ సాబ్ పద్మశ్రీ కూడా పోయాకే వచ్చింది. మా అబ్బాకు పద్మశ్రీలు, కోర్టులు ఏమీ లేవు. ఆయన పేరు మీద ఫైసలా చెప్పవలసింది నేనే. ఆలస్యంగానైనా చెప్పాను.

చిచ్చాను కూర్చోబెట్టి మాట్లాడాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నాకు సిగ్గు కాదురా, పిల్లకు మాట వస్తుందని భయం" అన్నాడు. అదీ నిజమే. దుల్హన్‌ను అడిగాం. "నానా పేరు పూర్తిగా రాయండి" అన్నది ఆ అమ్మాయి. కార్డులో "మరహూమ్" తర్వాత ఆయన పేరు, పేరు పక్కన "క్లారినెట్ సాబ్" అని అచ్చయింది. కార్డు ఇవ్వడానికి ధర్మవరం వెళ్ళినప్పుడు దుల్హా వాళ్ళ దాదీ ఆ లైను దగ్గర వేలు పెట్టి, "ఈయన మా పెళ్ళిలో వాయించినాడు" అన్నది. అంతే. ఇంకేమీ అనలేదు. మేము టీ తాగి వచ్చేశాం.

మీ ఖాందాన్‌లో కూడా సన్నాయి, తాషా, డోలు, క్లారినెట్ పట్టిన పెద్దలు ఎవరైనా ఉండి ఉండొచ్చు. ఉంటే ఒక పని చేయండి. వాళ్ళు వాయించిన ధున్‌లను ఏమని పిలిచేవాళ్ళో అడిగి రాసి పెట్టండి. ధున్ గాలిలో కలిసిపోతుంది, మన చేతిలో ఉండదు. పేరైనా మిగలనీయండి. పోయినవాళ్ళ కోసం ఫాతెహా చదివేటప్పుడు వాళ్ళ హునర్‌ను కూడా ఒక్క క్షణం యాద్ చేసుకోండి.

దువాలో మా అబ్బాను కూడా కలుపుకోండి. ఖుదా హాఫిజ్.